బుగ్గల నిండా ఊపిరి

మొన్న ఎండాకాలంలో మా మేనకోడలికి ఈత నేర్పించాలని తిరుపతిలో ఒక స్విమ్మింగ్ పూల్‌కి తీసుకువెళ్ళాను. నీలం టైల్స్, మందు వాసన, గట్టు మీద తల్లులు, ఒక్కొక్కరి చేతిలో ఒక తువ్వాలూ ఒక ఫోనూ. కోచ్ పిల్లలందరినీ గోడ పట్టుకుని వరసగా నిలబడమని, తల నీళ్ళలో పెట్టి నోటితో గాలి బయటికి ఊదమన్నాడు. బుడగలు రావాలన్నాడు. ఊపిరి బిగబట్టకూడదని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. పిల్లలంతా బుడబుడమని ఊది, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బయటికొచ్చి గేటు దగ్గర చెరుకురసం బండి నీడలో నిలబడితే, బండతను గ్లాసు కడిగి నా వైపు చూశాడు. చెరుకును చూసినా నాకు ఆమే గుర్తుకొస్తుంది. వద్దని చెప్పి ఎండలోకి జరిగాను.

ఆమె పేరు చెప్పను. మేమెవరమూ ఆమెను పేరుతో పిలిచింది కూడా లేదు. బంగారుపాళ్యం దగ్గర మా పల్లెలో ఆడపిల్లలందరికీ ఆమె అత్త. వరసకు పిన్ని కావాల్సిన వాళ్ళకూ అత్తే, అక్క కావాల్సిన వాళ్ళకూ అత్తే. వాళ్ళ మామిడితోటకు ఆనుకుని ఒక బావి ఉండేది. రాతి కట్టడం, గోడలోంచి పొడుచుకొచ్చిన బండలే మెట్లు. మా పల్లెలో మగపిల్లలకు ఈత ఎవరూ నేర్పరు. బావిలోకి తోసేస్తారు, వచ్చేస్తుంది. ఆడపిల్లలకు ఆ తోసే దిక్కు కూడా లేని రోజుల్లో అత్త మమ్మల్ని ఇళ్ళ నుంచి అడిగి తీసుకుపోయి ఆ బావిలో దించింది.

పొట్టి మనిషి, గట్టి మనిషి. కోక కచ్చ పోసి బిగించిందంటే మా నాయనలు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు. ఎండిన సొరకాయ బుర్రలు రెండు తాడుతో కట్టి మా నడుముకు తగిలించేది. కొన్నాళ్ళకు ఒకటి విప్పేది. ఇంకొన్నాళ్ళకు రెండోది కూడా, మనకు తెలియకుండా, మాటల్లో పెట్టి విప్పేసేది. సగం బావిలోకి వచ్చాక నడుము తడుముకుని కెవ్వుమంటే, ఆమె మెట్టు మీద కూర్చుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వేది. వాళ్ళాయన, మేం మామ అనేవాళ్ళం, బావి గట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆడపిల్లలు ఈదుతుంటే అటు ఎవరూ రాకుండా కాపలా. ఎవరైనా కేక పెడితే తల తిప్పకుండానే ఏమైందని అడిగేవాడు. ఆయన ముఖం కంటే ఆయన వీపే నాకు బాగా గుర్తు.

అడుగు తాకామంటే అత్త నమ్మేది కాదు. పిడికిట్లో మట్టి తెచ్చి చూపించాలి. నల్లటి ఒండ్రు, చల్లగా, జిగటగా ఉండేది. అది చూపించిన రోజు ఆమె తన చేతులతో ఆ పిల్లకు తల దువ్వేది. అంతకంటే బహుమతి లేదు. మునిగే ముందు ఆమె చెప్పేది ఒకటే మాట.

"బుగ్గల నిండా ఊపిరి పట్టు మే. పైకొచ్చిందాకా ఇడవాకు. నోరు తెరిచినావంటే నీళ్ళు లోపలికొచ్చి కాపరం పెడతాయి."

చెప్పి, తన బుగ్గలు రెండూ బూరెల్లా పొంగించి చూపించేది. మేమూ పొంగించాలి. పొంగిస్తేనే తల ముంచనిచ్చేది. ఈ బుగ్గలు పొంగించడం చివరికి మా మధ్య పలకరింపు అయిపోయింది. ఎదురు బస్సులో కిటికీ దగ్గర కనిపించినా సరే, సంతలో జనం మధ్య కనిపించినా సరే, ఆమె బుగ్గలు పొంగిస్తుంది, మనమూ పొంగించాలి. నా పెళ్ళిలో తెరసెల్లా తీసేసరికి ఎదురుగా జనంలో నిలబడి బుగ్గలు పొంగించి చూస్తోంది. జీలకర్ర బెల్లం నెత్తిన పెట్టుకుని నేను ఫక్కున నవ్వాను. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పిల్లకు ఏమైనా తేడానా అని అడిగారట.

ఇంకో విచిత్రం ఉండేది. లంగా ఓణీలతో ఈత బాగా వచ్చాక, ఒక రోజు మాకు పాత కోకలు ఇచ్చి, ఆరు గజాలూ పద్ధతిగా కట్టించి, ఆ కోకతో బావిలో దూకమనేది. కోక నీళ్ళలో కాళ్ళకు చుట్టుకుంటుంది, బరువెక్కి కిందికి లాగుతుంది. మా అమ్మ ఇదేం పిచ్చి అని అడిగింది. బాయిలో పడేది యెవుతైనా కోక ఇప్పి గట్టున పెట్టి పడతాదా అని అత్త ఎదురడిగింది. మా పల్లెలో ఆ మాటకు అర్థం తెలియని ఆడది లేదు.

ఆ బావిలోనే అత్త వాళ్ళక్క పోయింది. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకే ఇంట్లో అన్నదమ్ములకు ఇచ్చారు. చెల్లెలి మొగుడు మంచివాడు, అక్క మొగుడు కొట్టేవాడు. ఒక పొద్దున అక్క కోకతో సహా బావిలో దూకింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఎవరికీ దొరకలేదు. మోటారు వేసి తోడారు. తోడిన నీళ్ళు వృథాగా పోనిస్తారా మరి, కాలువ కట్టి చెరుకుతోటకు పారించారు. నీళ్ళు దిగేకొద్దీ గోడ బయటపడింది. గోడ మీద పాచిలో గోళ్ళతో గీరిన చారలు కనిపించాయట, పైనుంచి కిందిదాకా. అత్త ఆ చారలు చూసింది. ఆ ఏడు చెరుకు బాగా వచ్చిందని, బెల్లం మంచి రంగు తేలిందని పల్లెంతా చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి అత్త బెల్లం నోట పెట్టలేదు. పండగ పొంగలి కూడా ముట్టేది కాదు. తర్వాత ఆమె తన మొగుడి దగ్గరే, ఆ బావిలోనే, ఈత నేర్చుకుంది. అక్క మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని అదే ఇంట్లో చాలాకాలం బతికాడు. ఆమె అతనికి పూటపూటా అన్నం పెట్టింది. అతను చచ్చేదాకా అతనితో ఒక్కమాట మాట్లాడలేదు.

ఇవన్నీ మాకు చిన్నప్పుడు తెలియవు. వనజ సంగతి జరిగినప్పుడు తెలిశాయి.

వనజ నాకంటే ఏడాది చిన్నది, మాతో ఈత నేర్చుకున్న పిల్ల. పిడికిట్లో మట్టి అందరికంటే ముందు తెచ్చింది అదే. గూడూరులో నిమ్మకాయల మండీ ఉన్నవాళ్ళకు ఇచ్చారు. పెళ్ళయి ఏడాది తిరగకముందే ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చి అత్త వాకిట్లో నిలబడింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను, మామిడి ఒరుగులు ఎండబెడుతున్నాం. వనజ పుట్టింటికి పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. చేతుల మీద వాతలు ఉన్నాయి. వాళ్ళ నిమ్మతోట బావిలో దూకానని, కాళ్ళూ చేతులూ వాటంతట అవే ఈదేశాయని చెప్పింది. నీవల్ల నాకు చావు కూడా రాకుండా పోయింది అత్తా అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతులో నిజంగానే కోపం ఉంది.

అత్త లేచి చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత కూర్చోబెట్టి దువ్వెన తెచ్చి తల దువ్వడం మొదలుపెట్టింది. దువ్వుతూ దువ్వుతూ వాళ్ళక్క సంగతంతా, గోడ మీద చారలతో సహా, మాకు చెప్పింది.

"నీళ్ళలో పడిందాకనే మే సావాలని ఉండేది. పడినాక యెవురికైనా బతకాలనే ఉంటాది. లేకుంటే మా యక్క గోడ గీరతాదా? ఆ రొంతసేపు మనిషికి చేతగాకుండా పోగూడదు. నేను నేర్పేది అంతే."

మర్నాడు వనజను వెంటపెట్టుకుని గూడూరు పోయింది. మండీ ముందు నిమ్మకాయల మూటల మీద కూర్చుని, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ వింటుండగా వనజ మొగుడితో చెప్పి వచ్చింది, "దానికి ఈత వచ్చునప్పా. మీరు ఎంత తోసినా తేలతాది. తేలినప్పుడంతా నేను వస్తాను." అంతే మాట్లాడి చెయ్యి దులుపుకుని లేచిందట. ఆ తర్వాత కొట్టడం తగ్గింది. మాటలు తగ్గలేదు. ఇప్పుడు తలుచుకుంటే వనజను తిరిగి పంపకుండా ఉండాల్సింది అనిపిస్తుంది నాకు. మనిషిని నీళ్ళలోంచి బయటికి తియ్యడం అత్తకు తెలుసు. తీసి ఎక్కడ పెట్టాలో ఆమెకూ తెలియదు, మాకెవరికీ తెలియదు.

ఏళ్ళు గడిచాయి. పల్లెలో బోర్లు పడ్డాయి, బావి ఎండిపోయింది. మామ పోయాడు. ఎండిన బావిలో గుజ్జు ఫ్యాక్టరీకి పనికిరాని మామిడికాయలు పారబోసేవాళ్ళు, వేసవిలో ఆ దారిన పోతే పులిసిన వాసన. అత్త మాత్రం సాయంత్రాలు ఆ గట్టు మీదే కూర్చునేది, మామ కూర్చున్నట్టే, బావికి వీపు పెట్టి. ఇప్పుడు ఎవరికి కాపలా అత్తా అని అడిగితే, ఉన్నింది ఉన్నట్టుండనీలే అనేది. నేను తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు రాసే పనిలో చేరాను. కస్తూరి, అది కూడా మా బావి పిల్లే, చిత్తూరులో ఉద్యోగం. వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి బాయి బ్యాచ్ అని పేరు పెట్టింది అదే. అత్తకు ఒక టచ్ ఫోను కొనిచ్చి అందులో చేర్చింది. అత్తకు టైపు చెయ్యడం రాదు. పొద్దున్నే బుగ్గలు పొంగించి ఫోటో తీసి పెట్టేది, అంతే.

అండమాన్ పోదామని, అక్కడ సముద్రం అడుగుకు దింపుతారని కస్తూరే మొదలుపెట్టింది. నేనూ వనజా సరే అన్నాం. వనజ ఇంట్లో ఎలా ఒప్పించిందో తెలియదు, అడిగితే ఒప్పుకున్నారులే అంది. అత్త మొదట కొట్టిపారేసింది. సముద్రంలో తనకేం పని, ఉప్పునీళ్ళు ఒంటికి పడవు అంది. వీపున గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, అడుగున ఎంతసేపైనా ఊపిరి పీలుస్తూ ఉండొచ్చని కస్తూరి వివరించింది. అత్త నా వైపు తిరిగి అడిగింది.

"అడుగున కూసోవచ్చునా?"

కూర్చోవచ్చట అన్నాను. "అయితే వస్తా. బాయి అడుగున నాకు యెప్పుడూ తీరిక లేదు" అంది. జీవితంలో ఏదైనా తన కోసం ఆమె అడగడం నేను చూసింది అదొక్కసారే.

చెన్నైలో విమానం లేస్తున్నప్పుడు సీటు పట్టుకుని బుగ్గలు పొంగించింది. పక్కసీటు పెద్దమనిషి కంగారుపడి ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచాడు. విమానం దిగాక చిన్న దీవికి పోయే ఓడలో లోపల కూర్చోలేదు, రేవు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నీళ్ళ రంగు చూస్తూనే ఉంది. ఆ దీవిలో నీళ్ళు అడుగున ఇసుక కనిపించేంత తేటగా ఉన్నాయి. ఇట్లా కనిపిస్తే ఎవరు దూకుతారు అంది అత్త. మేం నవ్వాం. వనజ నవ్వలేదు. వనజ దారి పొడుగునా పెద్దగా మాట్లాడలేదు. ఫోను మోగినప్పుడల్లా పక్కకు పోయి విని, వచ్చి కూర్చునేది. అవతలి గొంతు మాకు కూడా వినిపించేది. ఇన్నేళ్ళయినా మొగుడిది అదే గొంతు.

డైవింగ్ నేర్పేవాళ్ళు మంచి పిల్లలు. బెంగాలీ అబ్బాయి హిందీలో చెబుతుంటే కస్తూరి తెలుగులో చెప్పింది. నల్ల రబ్బరు సూట్లు ఇచ్చారు. కోక లేకుండా నీళ్ళలో దిగడం ఇదే మొదలని, నన్ను కూడా సొరకాయ బుర్ర చేసేసినారని అత్త తిట్టుకుంటూనే తొడుక్కుంది. ఆ అబ్బాయి వేళ్ళతో చేసే సైగలు నేర్పాడు, నీళ్ళ బరువుకు చెవులు నొక్కుకుపోతే ఎలా సర్దుకోవాలో నేర్పాడు, అన్నిటికంటే ముందు ఒక్కటి గుర్తుంచుకోమన్నాడు. ఏం జరిగినా ఊపిరి బిగబట్టకూడదు. పీలుస్తూ వదులుతూ ఉండాలి, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. మా అందరి చేతా ఆ మాట తిరిగి చెప్పించాడు. అత్త వంతు వచ్చేసరికి, ఇడస్తానప్పా ఇడస్తా అంది. తర్వాత మా వైపు తిరిగి, "సముద్రం పిల్లోడు, వానికేం తెలుసు బాయి" అని గొణిగింది.

మోకాళ్ళ లోతు నీళ్ళలో సాధన చేయించారు. నాకూ కస్తూరికీ మొదట రాలేదు, దగ్గాం, లేచి నిలబడ్డాం. అత్త మాత్రం ముఖం ముంచి అట్లాగే ఉండిపోయింది. తల చుట్టూ బుడగలు లేస్తున్నాయి. లేచాక ముఖానికి పెట్టిన అద్దాల ముసుగు తీసి ఇసుకలో కూర్చుంది. ముఖం చూస్తే చిన్నపిల్ల ముఖంలా ఉంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు. ఉప్పునీళ్ళేమో అనుకున్నాను.

"ఇంత సులువా మే ఊపిరి పీల్చేది" అంది. కాసేపటికి, "మా యక్క ఎంతసేపు బిగబట్టుకోనిందో" అంది.

నేను పక్కన కూర్చున్నాను. అలలు మా కాళ్ళ దాకా వచ్చి పోతున్నాయి.

పడవలో మమ్మల్ని కొంచెం లోపలికి తీసుకుపోయారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కరు తోడు, వెనక నుంచి సిలిండరు పట్టుకుని ఉంటారు. కెమెరా పట్టుకున్నవాడు ఇంకొకడు. అత్తా వనజా ముందు దిగారు. నేనూ కస్తూరీ పడవలో మా వంతు కోసం కూర్చున్నాం. లోతు పెద్దగా లేదు, రెండు మూడు నిలువులు ఉంటుందేమో. మా బావి అంతకు రెట్టింపు. కస్తూరి బిస్కెట్ పొట్లం విప్పి నాకు ఒకటి ఇచ్చింది. నేను దాన్ని కొరికి, పడవ అంచు మీద నుంచి కింద వాళ్ళ బుడగలు చూస్తున్నాను.

పడవకు అవతల నీళ్ళు ఒక్కసారిగా చీలి రెండు తలలు పైకొచ్చాయి. వనజ గొంతు చించుకుని అరుస్తోంది, కక్కుతోంది. దాని జుట్టు అత్త చేతిలో ఉంది. మా బావిలో మునిగినవాళ్ళను ఆమె ఎప్పుడూ జుట్టు పట్టుకునే లాగేది. అత్త ముఖం నా వైపు తిరిగింది. నోట్లో గొట్టం లేదు. బుగ్గలు రెండూ పొంగి ఉన్నాయి. నన్ను చూసి, ఇదిగో తెచ్చాను అన్నట్టు తల ఊపింది. ఏం చెయ్యమంటారు, నేనూ బుగ్గలు పొంగించాను. అప్పుడు ఆమె ఊపిరి వదిలింది. దాంతోపాటు నెత్తురు నురగ వచ్చింది.

పడవలోకి లాగేసరికి ఒక పక్క చెయ్యీ కాలూ వాలిపోయాయి. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు. ఆ పిల్లలు చెయ్యాల్సినవన్నీ చేశారు, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, ఏడుస్తూనే పడవ పరిగెత్తించారు. ఒడ్డు చేరకముందే అయిపోయింది. ఆమె రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. కస్తూరి వేళ్ళు ఒక్కొక్కటే తీసింది. లోపల ఇసుక, తెల్లగా, తడిగా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు తమిళాయన. మాకు తమిళం వస్తుందని తెలిసి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. పైన పీల్చిన గాలితో కిందికి పోయి పైకి వస్తే ఏమీ కాదట. కింద సిలిండరులోంచి పీల్చిన గాలి బిగించి ఉంటుందట, పైకి వచ్చేకొద్దీ అది ఉబ్బుతుందట. వదులుతూ వస్తే సరి, బిగబడితే ఊపిరితిత్తులు చిరిగి ఆ గాలి నెత్తుట్లో కలిసి మెదడుకు పోతుందట. ఈతరాని వాళ్ళయితే అరుస్తారు, గాలి పోతుంది, బతుకుతారు, మీ వనజ బతికినట్టు అన్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. వనజకు ఈత రాదని ఎవరన్నారు అని గట్టిగా అడిగాను. మా ఆడవాళ్ళందరినీ బతికించిన ఒకే ఒక్క మాట ఆమెను చంపిందని నేను ఆయనకు తమిళంలో ఎట్లా చెప్పాలి.

వనజ నోట్లోని గొట్టం ఊడిపోయిందని ఆ పిల్లలు అన్నారు, తీసిన వీడియో కస్తూరికి పంపారు. నేను ఒక్కసారే చూశాను. అత్త అడుగున మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కూర్చుని ఎటూ చూడకుండా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నంత నెమ్మదిగా, అరచేత్తో ఇసుకను నిమురుతోంది. తలపై నుంచి బుడగలు వరసగా పోతున్నాయి. పిడికిలి నిండా ఇసుక తీసుకుంది. ఆ తర్వాత తల పక్కకు తిప్పి, మనకు కనిపించని దేన్నో చూసింది. నోట్లోని గొట్టం ఉమ్మేసింది. వెనక పట్టుకున్న పిల్లవాడి చెయ్యి విదిలించేసింది. బుగ్గలు పొంగాయి. ఇంక ఒక్క బుడగ కూడా లేదు. అట్లాగే పైకి పోయింది, వీడియోలోంచి కూడా పోయింది.

పెద్దకర్మకు మేమందరం పల్లెకు పోయాం. అత్తకు పిల్లలు లేరు. పిండం పెట్టింది వాళ్ళక్క మొగుడికి రెండో పెళ్ళాం వల్ల పుట్టిన కొడుకే. ఆమె కోసం వేసిన విస్తరిలో ఎవరో తెలియక బెల్లం పొంగలి పెట్టారు. వనజ అందరి ముందూ వంగి ఆ పొంగలి చేత్తో ఎత్తి తీసేసింది. ముసలివాళ్ళు అపచారం అన్నారు. అది వినిపించుకోకుండా చెయ్యి కడుక్కుని తోటలోకి నడిచింది. వెనకే నేను పోయాను. ఎండిన బావి గట్టు మీద, అత్త కూర్చునే చోట, బావికి వీపు పెట్టి కూర్చుంది. పక్కన చోటు చూపించింది.

"నోట్లోది ఊడిపోలేదక్కా. నేనే తీసేసినాను" అంది.

నేను ఆ చోట కూర్చున్నాను.

"బాయిలో అయితే ఈత అడ్డమొచ్చింది. ఆడ అంత బరువు కట్టినారు గదా, ఈత పనికి రాదులే అనుకున్నాను. అత్త నా తట్టే సూస్తా ఉండాది. తీసేది సూసింది. నీళ్ళు గొంతులో పడినాక నాకు భయమేసింది. బతకాలనిపించింది. యెంత బతకాలనిపించిందో సెప్పలేను."

వనజ ఏడవలేదు. మామిడికాయలు కుళ్ళిన వాసన బావిలోంచి వస్తోంది. దూరంగా హైవే మీద లారీలు పోతున్నాయి. ఈ సంగతి అక్కడే, ఆ దీవిలోనే, ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. చెప్పి ఎవరిని తిరిగి తెస్తుంది? కానీ అత్త ఎందుకు అంత తొందరపడిందో, పక్కన అంతమంది ఉండగా వాళ్ళను ఎందుకు నమ్మలేదో నాకు అప్పుడు తెలిసింది. ఊడిపోయిన గొట్టాన్ని ఆ పిల్లలు తిరిగి పెట్టగలరు. తీసేసుకున్న మనిషిని ఎట్లా పట్టుకోవాలో తనకు ఒక్కదానికే తెలుసు అనుకుంది. ఆమె చూసింది వనజను కాదేమో, గోడ మీద చారలనేమో.

"బాయి వద్దనింది. సముద్రమూ వద్దనింది" అంది వనజ. "ఇంక యాడికి పోయేది అక్కా. బతకాల్సిందే గదా."

ఇకమీద గూడూరు పోనని, కస్తూరి చిత్తూరులో ఏదో పని చూస్తానందని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగింది. ఏడుపు ఆపుకోవడానికి, మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో, బుగ్గల నిండా ఊపిరి పట్టి నా ముఖంలోకి చూసింది. నేనూ పొంగించాలని ఎదురుచూస్తోంది.

నేను పొంగించలేదు. రెండు చేతులా దాని బుగ్గలు పట్టుకుని నొక్కాను.

"ఇడిసెయ్ వనజా. ఊపిరి ఇడిసెయ్" అన్నాను.

ముందు ఊపిరి వచ్చింది. ఆ వెనకే, ఇన్నేళ్ళదీ, దాని అరుపు వచ్చింది.